రూప్‌చంద్ నోట్లో మనిషి పళ్ళు: అసలు పన్ను అని దేనిని అనాలి?

చెరువుగట్టు (ఆకివీడు)

అందరికీ నమస్కారం. మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. ఆరెకరాల చెరువులో శీలావతి, బొచ్చెలతో పాటు కొంత రూప్‌చంద్ కూడా పెంచుతున్నాము. మొన్న పట్టుబడి రోజున, వలలోంచి చేపలను ట్రేలలోకి ఎత్తుతున్న కుర్రవాడి బొటనవేలిని ఒక రూప్‌చంద్ పట్టుకొని కాసేపు వదలలేదు. గాయం పెద్దదేమీ కాదు గాని, దాని ఆకారమే నన్ను ఆశ్చర్యపరచింది. పిల్లి కరిస్తే పడే గీతలుగా లేదు, పాము కాటులా రెండు చుక్కలుగానూ లేదు. చంటిపిల్లవాడు వేలు కొరికినట్లు, పక్కపక్కనే నాలుగు చదునైన నొక్కులు పడ్డాయి.

ఆ సాయంత్రం ఆ చేప తలను ఇంటికి తెచ్చి, దవడలు విడదీసి, టార్చిలైటు వేసి చూశాను. పై దవడలో రెండు వరుసల పళ్ళున్నాయి. కింది దవడలో ఒక వరుస, దాని వెనక నడిమధ్యన మరో రెండు మొనలు ఉన్నాయి. ముందువి పలకల్లాగా, పక్కవి మన దవడ పళ్ళలాగా మధ్య గుంట పడి ఉన్నాయి. రంగు కూడా అచ్చంగా మనిషి పంటి రంగే. అన్నిటికంటే వింత ఏమిటంటే, కుడివైపు పళ్ళన్నీ తెల్లగా, అంచులు పదునుగా ఉంటే, ఎడమవైపు పళ్ళన్నీ అరిగి పసుపు తిరిగి ఉన్నాయి. ఒకే చేపకు సగం పడుచు నోరు, సగం ముసలి నోరు ఎలా వచ్చాయి?

ఇంకొక సందేహం కూడా ఉంది. శీలావతి నోట్లో వేలు పెట్టి ఎంత తడిమినా ఒక్క పన్నయినా తగలదు. మరి సంచుల్లో కట్టే తవుడూ, వేరుశనగ చెక్కా అది దేనితో నములుతున్నది?

సందేహి (భీమవరం)

రూప్‌చంద్ పిరానాకు దాయాది అని, మనుషులను కూడా కొరుకుతుందని మా కళాశాల వాట్సాప్ గుంపులో ఒక వీడియో తిరుగుతున్నది. అది నిజమైతే చెరువుల్లో దిగి పనిచేసేవారు జాగ్రత్తపడాలి కదా! తెలిసినవారు చెప్పగలరు.

జీవశాస్త్రం మేడమ్ (కాకినాడ, విశ్రాంత అధ్యాపకురాలు)

దాయాది అన్నమాట నిజం, భయం మాత్రం అనవసరం. రూప్‌చంద్ అని మన మార్కెట్లలో పిలిచే ఈ చేపను ప్రపంచంలో మిగతాచోట్ల పాకూ అంటారు. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదులు. అక్కడ వరదకాలంలో నది అడవిలోకి పొంగినప్పుడు, చెట్ల మీద నుంచి నీళ్ళలో రాలే కాయలనూ గింజలనూ ఈ చేప పగలగొట్టుకొని తింటుంది. దాని పళ్ళు మన పళ్ళలా కనిపించడానికి కారణం చుట్టరికం కాదు, తిండి. గింజ పగలగొట్టి నలపవలసిన నోటికి పలకపళ్ళూ గుంటపళ్ళూ పనికివస్తాయి. మాంసం కోసుకొని తినే పిరానాకు మాత్రం కత్తెర అంచుల్లాంటి ముక్కోణపు పళ్ళు ఉంటాయి. 2013లో డెన్మార్క్, స్వీడన్ల మధ్య సముద్రంలో ఒక పాకూ దొరికినప్పుడు, ఈతకు దిగే మగవారు జాగ్రత్త అని అక్కడి మ్యూజియం నిపుణులు సగం సరదాగా అన్న మాట ప్రపంచమంతా వార్తయి కూర్చున్నది. ఆ వీడియోకు మూలం బహుశా అదే అయివుంటుంది. చేతితో పట్టుకున్న చేప వేలు కరవడం వేరు, నీళ్ళలో వెంటపడి కరవడం వేరు.

సగం ముసలి నోటి సంగతికి వస్తాను. చెరువుగట్టు గారూ, మీరు చూసిన దానినే అమెరికాలోని శాస్త్రవేత్తలు సీటీ స్కాన్‌తో చూసి 2019లో ప్రకటించారు. పిరానాలూ పాకూలూ తమ పళ్ళను ఒక్కొక్కటిగా రాల్చవు. ఒకవైపు పళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కొని ఒక పట్టీలా ఉంటాయి కనుక, ఆ వైపు మొత్తం ఒకేసారి ఊడిపోతుంది. దాని కిందనే దవడ ఎముక లోపల కొత్త పట్టీ సిద్ధంగా ఉంటుంది. రెండోవైపు పళ్ళు అప్పటిదాకా పనిచేస్తూ ఉంటాయి కనుక చేప పస్తుండనక్కరలేదు. మీ చేప కుడివైపు పట్టీని ఇటీవలే మార్చుకున్నది, ఎడమవైపు వంతు ఇంకా రాలేదు. ఇంత చక్కని నమూనా మళ్ళీ మళ్ళీ చేతికి రాదు. ఆ తలను పారేయకండి.

శీలావతికి పళ్ళు లేకపోలేదు. అవి నోట్లో లేవు, గొంతులో ఉన్నాయి. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు, గడ్డి చేప, ఇవన్నీ ఒకే పెద్ద కుటుంబానికి చెందినవి, వీటన్నిటికీ దవడ పళ్ళు ఉండవు. మొప్పల వెనక చివరి ఎముకల జంట మీద పళ్ళు వరుసలుగా మొలుస్తాయి. వాటికి ఎదురుగా, పుర్రె అడుగున కొమ్ములాంటి గట్టి దిండు ఒకటి ఉంటుంది. పళ్ళు ఆ దిండుకు రాసుకొని మేతను నలుపుతాయి. తిరగలిలో ఒక రాయి కదిలి, ఇంకొకటి కదలకుండా ఉన్నట్లే ఇదీను. ఈ పళ్ళు కూడా అరిగి ఊడుతూ, కొత్తవి వస్తూ ఉంటాయి.

పంటి వైద్యుడు (రాజమహేంద్రవరం)

ఒకవైపు పళ్ళన్నీ ఒకేసారి ఊడి, మరుసటి వారానికి కొత్త పట్టీ వచ్చే వరం మనుషులకు ఉంటే నేనీ పాటికి వేరే వ్యాపారం చూసుకోవలసివచ్చేది. మనకు దేవుడిచ్చినవి ఇరవై పాలపళ్ళు, ఆ తరువాత ముప్ఫైరెండు, అంతటితో సరి.

అయితే ఒక విన్నపం. చర్చ ముందుకు వెళ్ళేలోపు పన్ను అంటే ఏమిటో ఒప్పుకుందాం, లేకపోతే చేప గొంతులో మొదలుపెట్టి రంపం దాకా వెళ్ళిపోతాం. మా వృత్తిలో పన్నుకు కొలమానం స్పష్టం. లోపల ప్రాణమున్న గుజ్జు, దాని చుట్టూ డెంటిన్ అనే ఎముకలాంటి పదార్థం, పైన పింగాణీ పూత. ఈ పింగాణీలో బరువుకు నూటికి 96 వంతులు ఖనిజమే, అందులో జీవకణాలు ఉండవు కనుక ఒకసారి పోతే తిరిగి పెరగదు. ఈ లెక్కన పాకూ పన్ను, శీలావతి గొంతు పన్ను, రెండూ అసలైన పళ్ళే, ఎందుకంటే వాటిలో డెంటిన్ ఉంది. ఎక్కడ మొలిచిందన్నది నాకు ముఖ్యం కాదు, దేనితో తయారైందన్నదే ముఖ్యం.

లంక రైతు (కోనసీమ)

డాక్టరు గారి కొలమానం ఆసుపత్రికి బాగానే ఉంటుంది గాని, తెలుగుకు చాలదనిపిస్తున్నది. మనం దువ్వెనకు పళ్ళు అంటాము, రంపానికి పళ్ళు అంటాము, గొర్రుకు పళ్ళు అంటాము. వరుసగా నిలిచి, కొరికో గీరో చీల్చో పనిచేసే దేనినైనా మన పెద్దలు పన్ను అనే అన్నారు, అందులో డెంటిన్ ఉన్నదా అని ఎవరూ అడగలేదు. కొడవలికి మాత్రం పళ్ళు అనలేదు, కక్కులు అన్నారు. తిరగలికీ, రోలుకూ కొట్టించేవి కూడా కక్కులే. అంటే మన భాషకు కూడా ఒక లెక్క ఉన్నది, అది డాక్టరు గారి లెక్క మాత్రం కాదు.

పళ్ళ మాట వచ్చింది కనుక పశువుల గురించి చెబుతాను. ఆవుకు గాని గేదెకు గాని పై దవడలో ముందు పళ్ళే ఉండవని మా పట్నం చుట్టాలకు చెబితే నమ్మలేదు, పాకలోకి తీసుకెళ్ళి మూతి ఎత్తి చూపించవలసివచ్చింది. పైన ఉండేది గట్టి చిగురు దిండు. కింద ఎనిమిది పళ్ళు. నాలుకతో గడ్డిని చుట్టి, కింది పళ్ళను పై దిండుకు నొక్కి, తల ఒక్క ఊపుతో తెంపుతుంది. మేడమ్ గారు శీలావతికి చెప్పిన దిండుకూ దీనికీ పోలిక చూసి నాకు ఆశ్చర్యం వేసింది.

పాలపళ్ళు పోయి గట్టిపళ్ళు మధ్య నుంచి జంటజంటగా వస్తాయి. రెండేళ్ళు దాటాక మొదటి జంట, ఆ తరువాత ఏడాదికి అటూఇటూగా ఒక్కొక్క జంట వచ్చి, సుమారు అయిదేళ్ళకు కడపళ్ళతో నోరు నిండుతుంది. అందుకే సంతలో రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది అంటారు గాని ఇన్నేళ్ళది అనరు. ఎడ్ల బండలాగుడు పోటీల్లో కూడా పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం అని పళ్ళను బట్టే జతలను విడదీస్తారు. పుట్టినతేదీ పత్రం ఎడ్లకు ఎవరిస్తారు కనుక!

ఇంకొక ప్రశ్న. సార్వా చేలల్లో పందికొక్కు కొట్టిన దుబ్బు చూస్తే, ప్రతి పిలకా కొడవలితో కోసినట్లు ఏటవాలుగా తెగి ఉంటుంది. మా చేలో ఎలుకల బుట్టలు పెట్టే పెద్దాయన ఒకసారి చచ్చిన పందికొక్కు మూతి తెరచి చూపించాడు. పళ్ళు కిళ్ళీ నమిలినట్లు నారింజ రంగులో ఉన్నాయి. వాటికి ఆ రంగు ఎందుకు?

పంటి వైద్యుడు (రాజమహేంద్రవరం)

పందికొక్కు పన్ను చెప్పదగ్గ పన్ను. ఎలుకజాతికి ముందు పళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, కొరుకుతూ ఉంటేనే అరిగి హద్దులో ఉంటాయి. ఆ పంటికి పింగాణీ ముందువైపు మాత్రమే ఉంటుంది, వెనకవైపు మెత్తటి డెంటిన్. వెనక త్వరగా అరుగుతుంది, ముందు నెమ్మదిగా అరుగుతుంది, అంచు ఎప్పుడూ ఉలిలా నిలుస్తుంది. సానపట్టేవాడు అక్కరలేని పనిముట్టు అది. ఏటవాలు కోతకు ఆ ఉలి అంచే కారణం.

నారింజ రంగు ఇనుముది. ఆ పింగాణీలో, స్ఫటికాలకు మధ్యన ఇనుము చేరి ఉంటుంది. ఇనుము వల్ల ఆ పళ్ళు గట్టిపడడమే కాక, పులుపుకు (ఆమ్లానికి) కరగకుండా నిలుస్తాయని 2015లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వారు బీవర్, ఎలుక వగైరా పళ్ళను పరీక్షించి చెప్పారు. మన పళ్ళు పుచ్చేదే పులుపు వల్ల కనుక, ఆ ఇనుప పళ్ళ మీద మా వృత్తికి ఎంత ఆసక్తో చెప్పనక్కరలేదు. ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య ఖాళీ ఉంటుంది చూశారా, ఆ ఖాళీలోకి పెదవులను లోపలికి మడిచి నోరు మూసేసుకొని మరీ గట్టు తవ్వుతుంది. అందుకే గంటల తరబడి కొరికినా మట్టి కడుపులోకి పోదు.

లంక రైతు గారి కక్కు మాట నాకు చాలా నచ్చింది. ఏనుగు దవడ పంటి మీదా, ఆవు దవడ పంటి మీదా పింగాణీ మడతలు మడతలుగా ఉంటుంది. మడతల మధ్య డెంటిన్ ముందు అరిగి, పింగాణీ గట్లు పైకి తేలుతాయి. తిరగలికి మనిషి కక్కు కొట్టాలి, ఈ తిరగలి మాత్రం అరుగుతూ అరుగుతూ తన కక్కులు తానే కొట్టుకుంటుంది. ఏనుగుకు ఇలాంటి దవడ పళ్ళు జీవితకాలంలో ఆరు విడతలు వస్తాయి. కింద నుంచి కాదు, వెనక నుంచి ముందుకు జరుగుతూ వస్తాయి. ఆరో విడత అరిగిపోయాక ముసలి ఏనుగు మేత ముందు నిలబడి కూడా చిక్కిపోతుంది. ఇక మనం దంతం అని గౌరవంగా పిలిచేది దాని కోర కాదు, పై దవడ ముందు పన్ను. చాలామంది కోర అనే అనుకుంటారు.

వశిష్ఠ తీరం (అంతర్వేది)

మాది తరతరాలుగా చేపల వేట చేసుకునే కుటుంబం. మా తాతగారి ఇంటి వసారాలో, దూలానికి ఒక రంపపు సొర ముట్టె వేలాడుతూ ఉండేది. నా చిన్నప్పటి ఎత్తుకు దాదాపు సమానం. రెండు అంచులా పళ్ళు, ఒక్కొక్కటి నా మధ్యవేలంత. ఒకటి ఊడి ఉండేది. ఆ గుంటలో వేలు పెట్టి ఆడుకునేవాళ్ళం. పన్ను ముట్టె మీద అతికించినట్లుగా కాక, గూటంలో దిగేసినట్లు లోతుగా నాటుకొని ఉండేదని వేలికి బాగా గుర్తు. 1996 నవంబరు తుపానులో ఇల్లు పోయింది, దానితో పాటు అదీ పోయింది. ఆ సొరను ప్రాణంతో నేనెప్పుడూ చూడలేదు. మా తాతగారి కాలంలో వలలో చిక్కితే దానిని విడిపించడం కంటే వలను కోసెయ్యడమే సులువని చెప్పేవారు.

డాక్టరు గారి కొలమానంతో ఆ రంపం పళ్ళు పళ్ళేనా? అవి నోట్లో లేవు, ముట్టెకు బయట ఉన్నాయి. రెండోది, మండపీతను విరిచినప్పుడు కళ్ళ వెనక తిత్తిలాంటి దానిని మా ఆడవాళ్ళు తీసి పారేస్తారు. ఒకసారి దానిని చీల్చి చూస్తే లోపల గోధుమరంగు దవడ పళ్ళలాంటివి కనిపించాయి. పీత కడుపులో పళ్ళెందుకు ఉంటాయి?

జీవశాస్త్రం మేడమ్ (కాకినాడ, విశ్రాంత అధ్యాపకురాలు)

వశిష్ఠ తీరం గారి రెండు ప్రశ్నలూ డాక్టరు గారిని ఇరుకున పెట్టేవే.

రంపపు సొర ముట్టె మీదివి పుట్టుకను బట్టి పళ్ళు కావు, పొలుసులు. సొర చర్మాన్ని తోక నుంచి తల వైపు నిమిరితే గరుకు కాగితంలా తగులుతుంది కదా, ఆ గరుకంతా కంటికి ఆనని చిన్నచిన్న పొలుసులది. ఒక్కొక్క పొలుసులో గుజ్జు ఉంటుంది, డెంటిన్ ఉంటుంది, పైన గట్టి పూత ఉంటుంది. అంటే సొర ఒళ్ళంతా పళ్ళ వంటి వాటితోనే కప్పుకొని ఉంటుంది. రంపపు సొరలో ముట్టె అంచున ఉన్న పొలుసులు అంతలేసి పెరిగి, గుంటల్లో నాటుకొని రంపంగా మారాయి. మీ వేలు గుర్తుపెట్టుకున్న గుంట అదే. అవి మొదలు దగ్గర పెరుగుతూ, కొసన అరుగుతూ ఉంటాయి గాని, మొదలంటా ఊడితే మళ్ళీ రావు. నోట్లో పళ్ళయితే సొరలకు వరుస వెనక వరుస వస్తూనే ఉంటాయి. పెద్దపళ్ళ రంపపు సొరకు ఒక్కొక్క వైపున 14 నుంచి 24 వరకు ఉంటాయి, ఆ లెక్క పుట్టుకతోనే స్థిరం. తల్లి కడుపులో పిల్ల రంపానికి మెత్తటి తొడుగు ఉంటుంది, పుట్టిన తరువాతే అది ఊడిపోతుంది. లేకుంటే తల్లి గతి ఏమయ్యేదో ఊహించండి. ఈ రంపం తవ్వడానికే అనుకునేవారు గాని, చేపలను పక్కలకు కొట్టి పడగొట్టడానికీ, వాటి ఒంటి నుంచి వచ్చే సన్నని విద్యుత్తును పసిగట్టడానికీ కూడా అని 2012లో తేలింది. దాని అసలు నోరు ముట్టె కింద ఉంటుంది, అందులోని పళ్ళు చిన్నవి, మొండివి.

కనుక డాక్టరు గారి లెక్కన, నోట్లో లేనిదీ, పొలుసు నుంచి పుట్టినదీ అయిన ఆ రంపం పన్ను డెంటిన్ ఉన్నందువల్ల పన్నవుతుంది. పీత కడుపులో ఉండి, అచ్చంగా నమిలే పనే చేసేది మాత్రం పన్ను కాకుండాపోతుంది. పీత నోటి దగ్గర ఆహారాన్ని ముక్కలు చేస్తుంది గాని, మెత్తగా నలిపేది కడుపులోనే. మధ్యలో ఒకటి, రెండు పక్కలా రెండు, మొత్తం మూడు పెద్ద పళ్ళు కలిసి తిరగలి ఆడతాయి. అవి ఎముక కాదు, పెంకు పదార్థమే గట్టిపడినది. అందుకే పీత పెంకు విడిచినప్పుడు కడుపు లోపలి పొరతో పాటు ఈ పళ్ళను కూడా విడిచేస్తుంది. అంతర్వేది ఇసుకలో బొరియల్లోంచి తొంగిచూసి మెరుపులా పరుగెత్తే పీతలను చూసే ఉంటారు. వాటి అట్లాంటిక్ దాయాది ఒకటి, చేతులతో చప్పుడు చేయలేని సమయంలో కడుపులోని పళ్ళను రాపాడించి గుర్రుమంటుందని 2019లో కనుగొన్నారు. కడుపు కాలితే పళ్ళు కొరకడం అంటే ఇదేనేమో!

నిర్వాహకుడు

చిన్న మనవి. రంపపు సొరలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వలలో ప్రాణంతో పడితే వదిలిపెట్టడమే చట్టం. ఇళ్ళలో పాత ముట్టెలు ఉన్నవారు ఇక్కడ బేరాలు పెట్టవద్దని కోరుతున్నాను. చర్చ కొనసాగించండి.

పంటి వైద్యుడు (రాజమహేంద్రవరం)

నేను ఇరుకున పడ్డమాట నిజమే గాని, లంక రైతు గారే నాకు దారి చూపించారు. డెంటిన్ ఉన్నవి పళ్ళు, పీత కడుపులోనివి కక్కులు. సరిపోయింది కదా?

లంక రైతు (కోనసీమ)

సరిపోలేదండి. కక్కు అరిగితే ఇంకొకరు వచ్చి కొట్టాలి. పీత తన పళ్ళను తానే విడిచి, తానే తెచ్చుకుంటున్నది. ఆ లెక్కన మా దూడ పాలపళ్ళకు అది దగ్గరే గాని, మా అమ్మ తిరగలికి దగ్గర కాదు. ఇంకా చెప్పాలంటే, పై దవడలో ముందు పళ్ళు లేని గేదెకు పళ్ళున్నాయని మీరు ఒప్పుకుంటూ, అదే గేదె పొదుగుకు పట్టే జలగ దగ్గరకు వచ్చేసరికి ఏమంటారో చూడాలని ఉంది. కాలువలో గేదెలను కడిగేటప్పుడు జలగ పట్టిన చోట చూడండి, మూడు గీతలు మధ్యన కలిసి ముక్కాలి పీటలా గాటు పడుతుంది.

జీవశాస్త్రం మేడమ్ (కాకినాడ, విశ్రాంత అధ్యాపకురాలు)

జలగకు మూడు దవడలు, ఒక్కొక్క దవడ అంచున వందకు అటూఇటూగా సన్నని పళ్ళు ఉంటాయి. ఆ గాటు అలా పడడానికి అదే కారణం. వాటిలోనూ డెంటిన్ లేదు, డాక్టరు గారూ.

సందేహి (భీమవరం)

వాట్సాప్ వీడియో గురించి అడిగి తల దించుకున్నాను కనుక, ఈసారి నా వంతుగా ఒకటి చెబుతాను. నేను మెకానికల్ విద్యార్థిని. పదార్థాల బలం పాఠంలో మా అధ్యాపకులు చెప్పిన ఒక ఉదాహరణ ఈ చర్చకు సరిగ్గా పనికివస్తుంది. ఇంతవరకు కొలిచిన జీవ పదార్థాలలో అత్యంత బలమైనవిగా తేలినవి లింపెట్ అనే సముద్రపు నత్త పళ్ళు. 2015లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం వారు వెంట్రుక కంటే సన్నని ఆ పంటి ముక్కలను లాగి కొలిస్తే, 3 నుంచి 6.5 గిగాపాస్కల్ వరకు తట్టుకున్నాయి. అంతకు ముందు వరకు ఆ పేరు సాలెపట్టుకు ఉండేది. ఆ పళ్ళలో గోథైట్ అనే ఇనుప ఖనిజం సన్నని పోగులుగా అల్లుకొని ఉంటుంది. కైటన్ అనే మరో జీవి పళ్ళలో ఏకంగా అయస్కాంతపు ఖనిజమైన మాగ్నెటైటే ఉన్నదని 1962లో లోవెన్‌స్టామ్ అనే శాస్త్రవేత్త కనుగొన్నారు. ఈ రెండూ మన బురద తీరంలో బతికేవి కావు. రాతిని గీరి దాని మీది పాచిని తినే జీవులు కనుక రాతి తీరాల్లో ఉంటాయి, అందుకే అంత గట్టి పళ్ళు కావలసివచ్చాయి.

రాయిని గీరే పంటిని పన్ను కాదనడానికి నాకు మనసొప్పడం లేదు.

ఇంకొక సంగతి, ఇది నేనే స్వయంగా చూసినది. మా పొలం బోదె నుంచి ఒక నత్తను తెచ్చి, లోపల పాచి పట్టిన గాజు సీసాలో వేశాను. అద్దానికి అంటుకొని ఎక్కుతున్నప్పుడు అవతలి నుంచి భూతద్దంతో చూస్తే, నోరు ఊపిరి తీసినట్లు తెరచుకోవడం, లోపల నుంచి గోధుమరంగు పట్టీ ఒకటి బయటికి వచ్చి అద్దాన్ని నాకి లోపలికి పోవడం కనిపించింది. తెల్లవారేసరికి పాచి మీద, చీపురుతో అలికినట్లు, వంపులు వంపులుగా గీతలు పడి ఉన్నాయి. ఆ పట్టీ ఏమిటి?

జీవశాస్త్రం మేడమ్ (కాకినాడ, విశ్రాంత అధ్యాపకురాలు)

చాలా మంచి పరిశీలన. ఆ పట్టీయే నత్త పళ్ళ నాలుక. మన చేలల్లో ఉండే నత్తకు అడ్డవరుసకు ఏడేసి పళ్ళ చొప్పున, వరుస వెనక వరుసగా ఆ పట్టీ నిండా ఉంటాయి. ముందు వరుసలు అరిగి రాలిపోతుంటే, వెనక నుంచి కొత్త వరుసలు తయారై ముందుకు జరుగుతూ ఉంటాయి. ఏనుగు దవడ పళ్ళు, సొర పళ్ళు, నత్త నాలుక, మూడూ మూడు తీరులుగా ఇదే ఉపాయాన్ని పట్టుకున్నాయి. అరిగేదానిని ఆపలేనప్పుడు వెనక నుంచి పంపుతూ ఉండడమే.

నాటుకోడి (తణుకు పక్క పల్లె)

నాదొక చిన్న సందేహం. మా గంప కింద పొదిగిన గుడ్లు పగిలేటప్పుడు, కోడిపిల్ల ముక్కు కొసన తెల్లని నూకగింజలాంటిది ఒకటి ఉంటుంది. మూడు నాలుగు రోజుల్లో రాలిపోతుంది. మా అత్తయ్యగారు దానిని ముక్కుపన్ను అంటారు. కోడికి పళ్ళుండవు కదా, మరి అది పన్నేనా?

జీవశాస్త్రం మేడమ్ (కాకినాడ, విశ్రాంత అధ్యాపకురాలు)

మీ అత్తయ్యగారి మాట పనిని బట్టి సరైనదే. పెంకును లోపల నుంచి పొడిచి పగలగొట్టడానికే అది ఉంది. కాని అది గోరు పదార్థంతో చేసినది, అసలు పన్ను కాదు. మన తీరంలో ఇసుకలో గుడ్లు పెట్టే సముద్రపు తాబేలు పిల్లకు ఉండేది కూడా అలాంటిదే. పాము పిల్లకూ, బల్లి పిల్లకూ మాత్రం ఆ చోట నిజమైన పన్నే పొడుచుకొని వచ్చి, పని కాగానే ఊడిపోతుంది. ఇక కోడి పూర్వీకులకు పళ్ళుండేవి. ఆ పళ్ళు మొలిపించే శక్తి కోడిలో పూర్తిగా చావలేదని 2006లో తెలిసింది. ఒక జన్యులోపమున్న కోడిపిండాల దవడల మీద మొసలి పళ్ళ తీరులో మొలకలు కనిపించాయి. అవి పొదగబడి బతికే పిల్లలు కావు.

పొలంలో నీళ్ళు పెట్టినప్పుడు తిరిగే తోకకప్పలకు కూడా మూతి చుట్టూ గోరు పదార్థపు పళ్ళు వరుసలుగా ఉంటాయి. కప్పగా మారేటప్పుడు అవి పోయి, చాలా కప్పలకు పై దవడలో నిజమైన పళ్ళు వస్తాయి. గోదురుకప్పకు అవీ రావు.

చెరువుగట్టు (ఆకివీడు)

నాలుగు రోజులుగా ఈ చర్చ చదువుతూ, చెప్పినవన్నీ చేసి చూశాను. నిన్న ఆదివారం శీలావతి తలలు రెండు, రూప్‌చంద్ తల ఒకటి వేరే గిన్నెలో ఉప్పూ పులుసూ లేకుండా ఉడకబెడుతుంటే, మా అమ్మ వచ్చి మూత తీసి చూసి, చేప పులుసు చేతకాకపోతే పొయ్యి తనకు అప్పగించమన్నది. పళ్ళు చూడడానికని చెప్పాను. శీలావతికి పళ్ళేమిటని పీట వాల్చుకొని పక్కనే కూర్చున్నది.

మాంసం విడిపోయాక, మొప్పల వెనక నుంచి రెండు ఎముకలు వచ్చాయి. ఒక్కొక్కటి బొటనవేలంత. పళ్ళు మూడు వరుసలు, లోపలి వరుసవి పెద్దవి, నలిపే ముఖం ఏటవాలుగా అరిగి నున్నగా మెరుస్తున్నది. పుర్రె అడుగున మేడమ్ గారు చెప్పిన దిండు కూడా దొరికింది. ఉడికాక అది చింతగింజ రంగులో, గోటితో నొక్కితే గుంట పడనంత గట్టిగా ఉన్నది. ఎముకను దిండుకు ఆనించి అటూఇటూ కదిపితే సరిగ్గా కూర్చుని రాసుకున్నది. సంచుల్లో వేసే చెక్కలో అప్పుడప్పుడు పెద్ద గడ్డలు ఉండిపోతుంటాయి, అవి చెరువులో ఎలా మాయమవుతున్నాయో ఇన్నాళ్ళకు తెలిసింది.

రూప్‌చంద్ తల దగ్గర మేడమ్ గారి మాట అక్షరాలా నిజమైంది. అరిగిన ఎడమవైపు దవడ ఎముకను సన్నని పటకారుతో తెరిస్తే, పాత పళ్ళ కింద కొత్త పళ్ళు పెదవి దాటని మొలకల్లా వరుసగా, ఒకదానికొకటి ఆనుకొని ఉన్నాయి. కుడివైపు అదే చోట ఖాళీ.

డాక్టరు గారికీ, లంక రైతు గారికీ ఒక మాట. శీలావతి గొంతు ఎముక ఆకారం కొడవలిది. పళ్ళు దాని లోపలి వంపున ఉన్నాయి. మా అమ్మ దానిని వెలుతురుకు పెట్టి తిప్పి చూసి, ఇది అచ్చం కక్కుకొడవలిలా ఉందన్నది. డెంటిన్ ఉన్నందుకు మీరు దానిని పన్నన్నారు, ఆమె మాత్రం కక్కులంటున్నది. ఈ తగవు మీ ఇద్దరూ తేల్చండి.

గడ్డి చేప గొంతు పళ్ళకు రంపంలా గాట్లు ఉంటాయని ఎక్కడో చదివాను. పక్క చెరువులో వచ్చే వారం పట్టుబడి ఉన్నది, అందులో గడ్డి చేపలున్నాయి. ఒక తల అడిగి పెట్టాను.

జీవశాస్త్రం మేడమ్ (కాకినాడ, విశ్రాంత అధ్యాపకురాలు)

ఉంటాయి, గడ్డి కోయాలి కనుక. రెండు తలలు అడగండి, ఒకటి నాకు కావాలి. ఎక్కువసేపు ఉడకనివ్వకండి, దిండు ఊడివస్తుంది.